నాలుగు పిడికిళ్ళ ఎత్తున

డిష్‌ని మనుషులు ఎంచుకోవడం మీ కాలపు సంగతి. డిష్ వచ్చి ఊరిని ఎంచుకోవడం మా కాలపు సంగతి. ఈ ముచ్చట చెబుదామని కూర్చుంటే మా మనవడు చెవుల్లో తెల్ల బిరడాలు రెండు దోపుకుని, "చెప్పు తాతా, వింటున్నా" అంటాడు. వాడు వినడు. అందుకని మీకు చెబుతున్నాను. మీరు మాత్రం చివరిదాకా వింటారన్న భ్రమ నాకేం లేదు. కాకపోతే కాగితం మీద పడ్డాక మధ్యలో "సరేలే తాతా" అనడానికి వీలుండదు కదా, అదొక సుఖం.

మా పెద్దవాడు డాలస్ పక్కన ఉంటాడు. ఈమధ్య ఒక సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్ కొన్నాడు. అక్కడ అందరూ ఆర్‌వీ అంటారు. ముప్పై అడుగుల బండి. లోపల గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, వెనక పడగ్గది, ముందు కూర్చునేచోట ఒక టీవీ, పడగ్గదిలో ఇంకో టీవీ. ఇల్లు విడిచి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుందామని బండి కొన్నవాడు, ఇంట్లో ఉన్నదంతా మళ్ళీ ఆ బండిలోకి ఎక్కించుకోవడమేమిటో! మేం శ్రీశైలం వెళ్తే ఒక ట్రంకు పెట్టె, మరచెంబు, పులిహోర మూట, అంతే. తిరిగొచ్చేదాకా ఊళ్ళో వాన పడిందో లేదో కూడా తెలిసేది కాదు. తెలియకపోతే ఏమైంది? వాన మాత్రం పడింది.

బండి బేరం ఒక పూటలో తెగింది. దాని నెత్తిన పెట్టే డిష్ సంగతే ఎంతకీ తెగలేదు. రాత్రి భోజనాలయ్యాక కొడుకూ కోడలూ చెరో కంప్యూటర్ ముందేసుకుని కూర్చునేవాళ్ళు. పైకప్పుకి శాశ్వతంగా బిగించేదా, దిగినచోట గడ్డి మీద పెట్టుకునేదా? గోపురంలో దాగి ఉండేదా, బాహాటంగా విచ్చుకునేదా? బండి పోతుండగా కూడా బొమ్మ చూపించేదా, ఆగితేనే చూపించేదా? ఏ కంపెనీది? ఒక టీవీకా, రెంటికా? కోడలు ఒక్కోదానికి మార్కులు వేస్తూ పట్టిక గీసింది. మా పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత విచారణ జరగలేదని నేనన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, "జరిగుంటే బావుండేది" అంది.

"నన్నడగండిరా, నేను చెబుతాను" అన్నాను.

"ఇది మామూలు టీవీ కాదు నాన్నా, శాటిలైట్. నీకిది తెలియదు" అన్నాడు వాడు.

తెలియదట! ఒరే, నువ్వు పుట్టకముందే మీ నాన్న ఉపగ్రహానికి కాపలా కాశాడురా.

1975 ఆగస్టు 1. ఎమర్జెన్సీ వచ్చి నెల దాటింది. కర్నూలు జిల్లాలో మా పల్లె. అప్పటికి హైదరాబాద్‌లోనే దూరదర్శన్ కేంద్రం లేదు, అది 1977లో గానీ రాలేదు. రాజధానిలో మంత్రిగారింట్లో లేని టీవీ మా ఊరి బళ్ళోకి వచ్చి కూర్చుంది. సైట్ అని ఒక ప్రయోగం లెండి. పైన తిరిగే ఉపగ్రహం నాసావాళ్ళది, ఏటీఎస్-6. కింద ఏర్పాట్లన్నీ మన ఇస్రోవి. విక్రమ్ సారాభాయ్ పట్టుబట్టి ఒప్పందం కుదిర్చిన పని అది. చూసుకోడానికి మాత్రం ఆయన లేడు, 1971లోనే పోయాడు. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళు ఏరారు, వెనకబడిన ప్రాంతాలు చూసి మరీ ఏరారు. వెనకబడి ఉండటం వల్ల మా ఊరికి దక్కిన లాభం అదొక్కటే.

డిష్ అడ్డకొలత పది అడుగులు. రేకు కాదు, ప్లాస్టిక్ కాదు. ఇనప చట్రం మీద కోళ్ళగూళ్ళకు కట్టే జాలీ బిగించారు. జీపులో విడిభాగాలు తెచ్చి బడి పక్కన నిలబెట్టారు. ఊళ్ళో ముసలివాళ్ళు చుట్టూ తిరిగి చూసి, ఇంత పెద్ద గూడు కట్టి ఒక్క కోడినైనా పెట్టలేదేమని అడిగారు. టీవీ సెట్టు మన ఈసీఐఎల్‌లో తయారైంది, నలుపు తెలుపుది. నేను అప్పుడే ఐటీఐ చదువు ముగించి ఖాళీగా తిరుగుతున్నాను. స్క్రూడ్రైవర్ ఎటునుంచి పట్టుకోవాలో తెలిసినవాడు ఊళ్ళో ఇంకెవడూ లేకపోవడంతో హెడ్‌మాస్టరుగారు ఆ గది తాళం చెవి నా చేతిలో పెట్టారు. నా జీవితంలో అంత పెద్ద ఉద్యోగం మళ్ళీ దొరకలేదు.

పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. అన్ని భాషలూ కలిపి రోజుకు నాలుగు గంటల ప్రసారం, అందులో మా తెలుగుకి వచ్చేది ఒక ముక్క. సేద్యం, పశువుల జబ్బులు, పసిపిల్లలకు ఏం పెట్టాలి, ఇవీ కార్యక్రమాలు. ఒక అరగంట అన్ని రాష్ట్రాలకూ ఉమ్మడిగా హిందీలో వచ్చేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఒక్కడూ లేచేవాడు కాదు. ఇప్పుడు మీకు వందల చానెళ్ళున్నాయి. అర్థమవుతున్నా లేచిపోతారు.

ఏ చానెల్ పెట్టాలన్న తగాదా లేదు, ఎవరి చేతిలో రిమోటుండాలన్న తగాదా లేదు. తగాదా అంతా ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్న దాని మీదే. అది మాత్రం ఘోరంగా ఉండేది. దాచిపెట్టడమెందుకు, ఒకసారి తలలు కూడా పగిలాయి. అయినా మా రోజులే మంచివి.

ఆ డిష్ పడమటికి చూసేది, కాస్త దక్షిణానికి వాలుగా. బిగించడానికి వచ్చిన ఇంజనీరుగారు నాకొక కొలత నేర్పారు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో పది డిగ్రీలు. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే, నాలుగోది నిండటానికి కొంచెం ముందు, 38 డిగ్రీల దగ్గర, అదిగో ఉపగ్రహం. కనబడదు. ఎక్కడో ఆఫ్రికాలో కెన్యా దేశం నెత్తిన, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉందట. కనబడకపోయినా అది అక్కడే ఉందని మా ఊళ్ళో గొడ్లుకాసే పిల్లాడికి కూడా తెలుసు. సాయంత్రం పొద్దు అటు వాలుతుంటే "టీవీ దగ్గరికి పోతోంది" అనేవాడు.

1976 జూలై 31తో ఏడాది గడువు అయిపోయింది. అమెరికావాడు ఉపగ్రహాన్ని మళ్ళీ తన దేశంవైపుకి జరుపుకున్నాడు. మా జాలీ డిష్ కొన్నాళ్ళు ఖాళీ ఆకాశంకేసి చూస్తూ నిలబడింది. తర్వాత ముక్కలు ముక్కలుగా ఎవరెవరి దొడ్లలోకో చేరి, చివరికి నిజంగానే కోళ్ళకు పనికొచ్చిందని చెప్పుకున్నారు. నేను కళ్ళారా చూడలేదు గానీ ఆ రోజుల్లో మా పక్క వీధివాళ్ళ కోళ్ళు బాగా బలిశాయి. ఏదేమైనా ఆ ఉపగ్రహం వెనకాలే నేనూ అమెరికా వచ్చాను, కాకపోతే యాభై ఏళ్ళు ఆలస్యంగా.

ఇదంతా మావాడికి చెప్పి, "నువ్వు కొనబోయే డిష్ చూడాల్సిన ఉపగ్రహం ఎక్కడుందో ఒక్కసారి వేలెత్తి చూపించు" అన్నాను. వాడు ఫోను తీసి ఆకాశంకేసి పట్టాడు. ముందు దిక్సూచి సరిచేసుకోవాలి, ఫోనుని గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంది అది. అంత పెద్ద ఉద్యోగస్తుడు వాకిట్లో నిలబడి గాల్లో ఎనిమిదులు దిద్దుతుంటే, ఎదురింటి తెల్లాయన తనను పలకరిస్తున్నాడనుకుని చెయ్యూపాడు.

ఇందులో బ్రహ్మవిద్య ఏముంది నాయనా? టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ నెత్తినే నిలబడతాయి కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా దక్షిణంవైపు చూడాలి. ఇక్కడ పెద్ద కంపెనీలు రెండు. డైరెక్‌టీవీ 1994లో మొదలైంది, డిష్ 1996లో. మొదటిదాని అసలు స్థానం 101 డిగ్రీల పడమటి రేఖాంశం, దానికి అటూ ఇటూ 99, 103. రెండోదానికి పడమటి వరసలో 110, 119, 129, తూర్పున 61.5, 72.7 ఉన్నాయి. మొదటి కంపెనీ హెచ్‌డీ బొమ్మలన్నీ 99, 103 మీద కా-బ్యాండ్‌లో వస్తాయి. గోపురాల్లో దాక్కునే బుల్లి డిష్‌లు వాటిని పట్టలేవు. ఆ కంపెనీతోనే హెచ్‌డీ కావాలంటే పైకప్పు మీద విచ్చుకునే పెద్ద డిష్ పెట్టించుకోవాలి, దాని ఖరీదు వెయ్యి డాలర్లు దాటుతుంది. గోపురం చాలనుకునేవాళ్ళు రెండో కంపెనీకి పోతారు. నెలకు నెల డబ్బు కట్టుకుని, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు ఆపేసుకునే వీలు కూడా అక్కడుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే కోడలి పట్టికలో సగం గళ్ళు కొట్టెయ్యొచ్చు. కొట్టేశాను కూడా. పెన్నుతో కొట్టానని ఆ అమ్మాయికి కోపమొచ్చింది.

ఇక గోపురమంటే ఏమిటనుకున్నారు? బండి నెత్తిన పెరుగు కుండ బోర్లించినట్టు ఒక తెల్లటి ప్లాస్టిక్ మూత. దాని కింద చిన్న డిష్, దాన్ని తిప్పడానికి మోటార్లు. బటన్ నొక్కితే కాసేపు లోపల గిర్రుగిర్రున మూలిగి, ఉపగ్రహాన్ని అదే వెతుక్కుని, టీవీలో బొమ్మ పెడుతుంది. గాలికి ఎగరదు, బండి నడిపేముందు మడవాల్సిన పని లేదు. అదంతా నిజమే. కానీ లోపలి డిష్ చిన్నది కాబట్టి పట్టే సిగ్నలూ పలచనే. గట్టి వాన వస్తే పోతుంది. తెల్లారగట్ట మూత మీద మంచు పడితే పోతుంది. విచ్చుకునే రకం దానికంటే పెద్దది, వానకు త్వరగా లొంగదు. కాకపోతే బండి కదిలే ముందు మడుచుకుందో లేదో చూసుకోవాలి. బండి పోతుండగా కూడా చూపించే గోపురం ఇంకో రకం, దానికి ఇంకొంత డబ్బు. కిటికీలోంచి కొలరాడో కొండలు దొర్లిపోతుంటే లోపల పరదాలు వేసుకుని టీవీ చూడటానికి అదనంగా డబ్బు కట్టేవాళ్ళున్నారంటే ఇక నేను మాట్లాడటానికేముంది? మాట్లాడాను లెండి, చాలాసేపు.

నా ఓటు మూడో రకానికి. కింద పెట్టుకునేది. చేత్తో ఎత్తుకుపోయేంత తేలిక, ఖరీదు నాలుగైదు వందల డాలర్లు. ఒకటే కేబుల్, రిసీవర్ నుంచి కరెంటు అందులోనే పోతుంది, బొమ్మ అందులోనే వస్తుంది. బండిని ఎండ తగలకుండా చెట్టు కింద పెట్టుకుని, డిష్‌ని ఆరుబయట పెట్టుకోవచ్చు. మనిషికి నీడ కావాలి, డిష్‌కి ఆకాశం కావాలి. రెంటినీ ఒకే కప్పు మీద ఎలా కుదురుస్తావురా అంటే మావాడు, "రోజూ దిగినచోటల్లా దాన్ని ఎవరు పెడతారు నాన్నా? పైన బిగించేస్తే బటన్ నొక్కడమే, అదే వెతుక్కుంటుంది" అన్నాడు. గోపురమే బిగించారు.

అదే వెతుక్కుంటుందట! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఊళ్ళో ఉపగ్రహం పోయాక నేను కర్నూల్లో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు పెట్టాను. 1984 ప్రాంతంలో ఊరూరా ట్రాన్స్‌మిటర్లు లేచాక డాబాల మీద యాంటెన్నా పైపులు నిలబెట్టడంలోనే నా యవ్వనమంతా గడిచింది. 1987 జనవరిలో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి సరిగ్గా ఎవరింట్లోనో బొమ్మ పోయేది, నన్ను డాబా ఎక్కించేవాళ్ళు. పైపు పట్టుకుని నేను పైన, "కొంచెం ఎడమకి, ఆఁ, అలాగే ఉండు, కదలకు!" అంటూ వాళ్ళు కింద. అలాగే ఉండేవాణ్ణి. రావణుడు సీతమ్మను ఎత్తుకుపోవడం, వారధి కట్టడం, అంతా నాకు కిందినుంచి వినబడ్డ మాటలుగానే తెలుసు. వారధి ఎలా ఉందో ఇప్పటికీ చూడలేదు. మొన్న మనవడు ఫోనులో పెట్టి చూపిస్తానన్నాడు. వద్దన్నాను. కష్టపడకుండా వచ్చే బొమ్మలో ఏం రుచి ఉంటుంది?

1991లో స్టార్ టీవీ వచ్చింది, ఏసియాశాట్ మీద. దాని స్థానం మనకి తూర్పున, అందుకని కేబులువాళ్ళ డిష్‌లన్నీ తూర్పు, దక్షిణాల మధ్యకి తిరిగి ఉండేవి. 1995లో తెలుగువి వచ్చాయి, జెమినీ, ఈటీవీ. దాంతో ఒక్కో మేడ మీద రెండు మూడు డిష్‌లు లేచాయి, ఒక్కోటి ఒక్కో దిక్కుకి. వీధిలో సైకిలు మీద పోతూ తలెత్తి డిష్ మొహం చూస్తే చాలు, ఆ కేబులువాడు జనానికి ఏం చూపిస్తున్నాడో చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు ఆ గోపురం మూత చూసి చెప్పండి చూద్దాం, లోపల డిష్ ఎటు చూస్తోందో! ఎటు చూస్తోందో బయటివాడికి తెలియనివ్వని సామాను నాకు నచ్చదు, మనుషుల్లోనూ నచ్చదు.

ఇంకో కిటుకు చెబుతాను, రాసుకోండి, మళ్ళీ ఎవరూ చెప్పరు. ఏటా రెండుసార్లు, మార్చిలో ఒకసారి, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో ఇంకోసారి, కొద్దిరోజుల పాటు ఒక వేళకి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన హోరులో సిగ్నలు మునిగిపోయి కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. జనం కేబులువాణ్ణి తిడతారు. మేం మాత్రం ఆ నిమిషాల కోసమే కాచుకుని ఉండేవాళ్ళం. అప్పుడు మా పెద్ద డిష్ ముందుండే కొమ్ము నీడ పళ్ళెం సరిగ్గా నడిమధ్యన పడితే గురి కుదిరినట్టు. పక్కకి పడితే పానా తీసుకుని సరిచెయ్యడమే. మీటరక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఎనిమిదులు దిద్దక్కర్లేదు. ఎండ ఒకటి కాస్తే చాలు. మబ్బు పడితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలన్నమాట నిజమే. ఆగేవాళ్ళం. తొందరేముంది?

ఎండాకాలం సెలవులకి ఎల్లోస్టోన్ బయల్దేరాం. టెక్సాస్ దాటుతూనే డాలస్ లోకల్ చానెళ్ళు పోయాయి. ఆ సిగ్నల్ని ఉపగ్రహం ఒక్కో ప్రాంతం మీదికి విడివిడిగా దించుతుంది, ఆ పరిధి దాటితే రాదు. ఏ ఊరు చేరితే ఆ ఊరి చిరునామా కంపెనీకి చెప్పి మార్పించుకోవాలట. దినానికో ఊళ్ళో పడుకునేవాణ్ణి పట్టుకుని చిరునామా అడిగితే ఏం చెబుతాడు? కోడలు ఫోను పట్టుకుని చెబుతూనే ఉంది.

వయోమింగ్ మైదానాల్లో మాత్రం ఒప్పుకోవాలి, బటన్ నొక్కగానే బొమ్మ అద్దంగా వచ్చింది. మావాడు నావైపు చూశాడు. నేను కిటికీలోంచి జింకల్ని చూశాను. కాసేపటికి వెనక పడగ్గదిలో మనవడు చానెల్ మార్చాడు. నెత్తి మీద గిర్రుమని చప్పుడు, ముందు టీవీలో బొమ్మ మాయం. సంగతేమిటంటే లోపలి బుల్లి డిష్ ఒకసారికి ఒక ఉపగ్రహాన్నే చూడగలదు. వెనక టీవీవాడు వేరే ఉపగ్రహం మీది చానెల్ పెడితే డిష్ అటు తిరుగుతుంది, ముందున్నవాడి నోట్లో మట్టి. రెండు టీవీలు, రెండు రిసీవర్లు, రెండు రిమోట్లు కొని, చివరికి ఇద్దరూ ఒకే ఉపగ్రహానికి కట్టుబడి ఉండాలని తేలింది. "ముందే చెప్పాల్సింది" అంది కోడలు. చెప్పాను. పట్టికలో ఆ గడి పక్కనే రాశాను కూడా. తెలుగులో రాశానని వాళ్ళు చదవలేదు.

ఎల్లోస్టోన్‌లో క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి సాయంత్రమైంది. చుట్టూ లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు, నిట్టనిలువుగా, సందు లేకుండా. బండిని వాళ్ళు చూపించిన చోటే పెట్టాలి, అంగుళం జరపడానికి లేదు. గోపురం మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. దొరకలేదు అని తెర మీద రాసింది. నేను కిందికి దిగి దక్షిణానికి తిరిగి చెయ్యి చాచాను. ఒక పిడికిలి, రెండు, మూడు, నాలుగోది నిండీ నిండక. అక్కణ్ణుంచి 110 డిగ్రీల ఉపగ్రహం దాదాపు నేరుగా దక్షిణాన, 38, 39 డిగ్రీల ఎత్తున ఉంటుంది. నమ్ముతారో లేదో, మా ఊళ్ళో జాలీ డిష్‌కి ఉన్న ఎత్తే ఇది. అదే చెయ్యి, అవే పిడికిళ్ళు. కాకపోతే ఇక్కడ మూడో పిడికిలి దగ్గర్నుంచే చెట్టు కొమ్మలు. ఉపగ్రహానికీ మా పెరుగు కుండకీ మధ్య ఒక అడవే ఉంది.

పక్క బండిలో ఒక ముసలాయన, నా వయసువాడే ఉంటాడు, మూడు కాళ్ళ స్టాండు మీద డిష్ పెట్టుకుని, పొడుగాటి కేబుల్ చుట్ట విప్పుకుంటూ చెట్లు లేని చోటికి నడిచి వెళ్ళాడు. అటు జరిపి, ఇటు జరిపి, ఒక రాయి ఆనించి వెనక్కొచ్చాడు. ఆయన కిటికీలో బేస్‌బాల్ వెలిగింది. నేను మావాడితో ఏమీ అనలేదు. కాసేపటిదాకా అనలేదు.

ఆ బండిలో నాకు నచ్చిన వస్తువు ఒక్కటే. పాత బండి కావడంతో పైకప్పు మీద మామూలు యాంటెన్నా ఒకటుంది, గబ్బిలం రెక్కలంటారు దాన్ని అక్కడివాళ్ళు. లోపల సీలింగుకి ఒక చేతిపిడి. తిప్పితే యాంటెన్నా పైకి లేస్తుంది, పట్టుకుని మెలిపెడితే దిక్కు మారుతుంది. 2009 జూన్‌లో అమెరికా పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కి మారాక కూడా అది పని చేస్తూనే ఉంది. పైసా చందా లేదు. ఊళ్ళ దగ్గర ఆగినప్పుడల్లా నేనా పిడి పట్టుకుని తిప్పుతూ, "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని కేకేసేవాణ్ణి. ఎవరూ పలికేవారు కాదు. చెవుల్లో బిరడాలు. ఒకటే జాగ్రత్త, బయల్దేరేముందు దాన్ని దించాలి, మర్చిపోతే మొదటి చెట్టుకొమ్మే దించుతుంది. అందుకని స్టీరింగుకి చీటీ కట్టాను. ఆ చీటీ కూడా తెలుగులోనే రాశాను.

అసలు గొడవ ఇంకోటుంది. రాత్రి ఏడింటికి మా ఆవిడ సీరియల్ అడిగింది. తెలుగు చానెల్ పెట్టమని. ఈ సామానులో తెలుగు రాదు. ఇళ్ళ మీద డిష్‌లతో తెలుగు చానెళ్ళు తెప్పించుకున్న రోజుల్లోనే వాటిది వేరే ఉపగ్రహం, దానికి వేరే తరహా ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు సిగ్నల్ని అందుకునే కొమ్ము, ఇంకాస్త వెడల్పైన డిష్. బండి గోపురాలు దాన్ని పట్టలేవు. ఇన్ని వారాల పంచాయితీలో, ఇన్ని గళ్ళ పట్టికలో, ఆవిడకి ఏం కావాలో అడిగిన గడి ఒక్కటీ లేదు. నేనైనా అడిగానా అని మీరంటారు. నేను సాంకేతిక విషయాలు చూసుకుంటున్నానమ్మా.

మనవడు పోయి పక్క బండి ముసలాయనతో ఏదో మాట్లాడొచ్చాడు. ఆయన బండి పక్కన గడ్డి మీద పుస్తకమంత పలక ఒకటి ఆకాశంకేసి పడుకుని ఉంది. స్టార్‌లింక్‌ట. ఆర్‌వీల కోసమని 2022లో మొదలుపెట్టారట. ఆయన తన పాస్‌వర్డ్ చెప్పాడు, వీడు ఫోనులో సీరియల్ పెట్టాడు, నానమ్మ కూర్చుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చూస్తుంటే నేను ఆ పలక చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. గురి ఏదిరా అంటే దీనికి గురే లేదు తాతా, వేల ఉపగ్రహాలు, 550 కిలోమీటర్ల ఎత్తులో పరుగెడుతుంటాయి, ఒకటి దాటిపోగానే ఇంకోదాన్ని పట్టుకుంటుంది అన్నాడు. విన్నారా? మా ఉపగ్రహం మా నెత్తిన ఏడాది పాటు కదలకుండా నిలబడింది. ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉండేది, పెద్దమనిషి తరహా. ఇవేమో నిమిషాల్లో అటునుంచిటు ఉరికి కొండ దాటిపోతాయి. ఎవడిని చూపించి పరిచయం చెయ్యను నేను? పిడికిలి ఎక్కడ పెట్టను? ఆ సీరియల్లో మాత్రం అత్తగారు ఇంకా బతికే ఉంది. మూడు నిమిషాలు చూసి కుర్చీలో నిద్రపోయానని మా ఆవిడ అంటుంది. నమ్మకండి. ఐదు నిమిషాలు చూశాను.

తిరుగు ప్రయాణంలోనే వచ్చే ఏడు అలాస్కా అని తీర్మానం చేశారు. జూన్‌లో. నేను లెక్క వేసి చెప్పాను, ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఈ ఉపగ్రహాలు నేల అంచుకి ఒక పిడికిలికి కాస్త పైనే ఉంటాయి, 11 డిగ్రీలు, 13 డిగ్రీలు. ఏ గుట్ట అడ్డొచ్చినా అయిపోయింది. సిగ్నలు కూడా అక్కడికి చేరేసరికి బక్కచిక్కి ఉంటుంది, ఈ గోపురం దండగ, పెద్ద డిష్ కావాలి అన్నాను. "అక్కడ టీవీ ఎవరు చూస్తారు మామయ్యా, రాత్రంతా బయట కుర్చీలేసుకుని నార్తరన్ లైట్స్ చూడటానికి కదా వెళ్తున్నది" అంది కోడలు. క్యాంప్‌గ్రౌండ్లు బుక్ చేసేశారు, దుప్పట్లు కొనేశారు, మడత కుర్చీలు కొనేశారు. ఫోనుల్లో ఇంతలేసి ఆకాశాలు పెట్టుకున్నారు గానీ, జూన్‌లో అక్కడ చీకటే పడదని ఒక్కళ్ళూ చూసుకోలేదు.